డెబ్బై అయిదేళ్ల రుజువు: గుట్ట మీది దళిత కుటుంబం ఏం చూపించాలి?

నాంపల్లి స్టేషన్ నుంచి పొద్దున్నే ఢిల్లీకి బయల్దేరే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం కాకముందే సిర్పూర్ కాగజ్‌నగర్ చేరుతుంది. అక్కడ దిగి ఆసిఫాబాద్ దాకా బస్సు, అక్కణ్నుంచి కెరమెరి వైపు ఇంకో బస్సు, ఘాట్ రోడ్డు ఎక్కాక ఆటో, ఆటో ఇక పోలేనన్న చోటు నుంచి నడక. పరిశోధన కోసం మేము నాలుగేళ్లుగా వెళ్తున్న ఊరికి దారి ఇది. ఊరి పేరు రాయడం లేదు. అక్కడి అటవీ హక్కుల దరఖాస్తులు ఇంకా తేలలేదు. పేరు బయటపడితే ఇబ్బంది పడేది ఊళ్లోవాళ్లే.

అదే దారిలో అటు నుంచి ఇటు వచ్చేవాళ్లు కూడా ఉంటారు. పోయిన చలికాలంలో ఆ ఊరి మాంగ్ వాడ నుంచి ఒకాయన హైదరాబాద్ వచ్చాడు. వయసు యాభై పైమాటే. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఎప్పుడో అటవీశాఖ రాసిన జరిమానా రశీదు, మడతల దగ్గర చిరిగిన ఒక ఉర్దూ కాగితం. "భూమి కాగితాలన్నీ నాంపల్లిలనే ఉంటయట గద సారూ" అన్నాడు. ఎవరో చెప్పారట. చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. రాష్ట్ర భూపరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం నాంపల్లి స్టేషన్ రోడ్డులోనే ఉంది. కానీ అది పట్టా భూములు, రెవెన్యూ రికార్డులు చూసే చోటు. ఆయన అడుగుతున్నది అడవి నేల గురించి. అది ధరణిలో లేదు, ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతిలోనూ లేదు. అడవి నేల మీద హక్కు తేలాల్సింది ఆయన సొంత ఊరి గ్రామసభలో. అంటే ఆయన రైలు ఎక్కి తప్పు దిక్కుకు వచ్చాడు.

ఇలా ఎందుకు జరిగిందో చెప్పాలంటే ముందు ఆ ఊళ్లో జనం ఎట్లా బతుకుతారో చెప్పాలి. రుజువు అంతా ఆ బతుకులోనే ఉంది.

ఏడాది ఎట్లా గడుస్తుంది

ఊళ్లో ఎక్కువ ఇళ్లు గోండులవి. కొంచెం అవతల కొలాముల గూడెం. ఊరికి దిగువన, వాగు వైపు, మాంగ్ కుటుంబాలు, కొన్ని నేతకాని కుటుంబాలు. వాడ అంటే పెద్దదేమీ కాదు, పాతిక ఇళ్లుండవు. ఇంట్లో మరాఠీ, ఊళ్లో గోండి, సంతలో తెలుగు. మూడు భాషలూ ఆరేళ్ల పిల్లలకు కూడా వస్తాయి. బడిలో మాత్రం వెనకబడ్డ పిల్లలు అని రాస్తారు.

మృగశిర కార్తె దాటి రెండు వానలు పడగానే విత్తనం. ఒకప్పుడు జొన్న ముందు, మిగతావి తర్వాత. ఇప్పుడు పత్తి ముందు. కంది అంతరపంటగా, ఇంటి తిండికి జొన్న ఒక మడి. వాడలో సగం మందికి సొంతంగా దున్నే నేల అడవి అంచున రెండు మూడెకరాల పోడు. మిగతా సగం మందికి అదీ లేదు, జీతానికుంటారు. జీతం లెక్క ఉగాది నుంచి ఉగాదికి. ముందే అడ్వాన్సు తీసుకుని ఏడాదంతా పనితో తీర్చుకోవాలి.

వానలు ముదిరాక వాగు పొంగుతుంది. రోజూ పొంగదు, కానీ ఎప్పుడు పొంగుతుందో తెలియదు కాబట్టి ఆ మూడు నెలలు ఊరు తనకు తానే లాక్కురావాలి. రేషన్ బియ్యం ముందే తెచ్చిపెట్టుకుంటారు. నెలలు నిండిన ఆడవాళ్లను వాగు అవతల చుట్టాలింట్లో దించి వస్తారు. చుట్టాలు లేనివాళ్లను మంచం తలకిందులు చేసి మోసుకొని దాటించిన కథ ప్రతి ఇంట్లో ఒకటి ఉంది. కాన్పులు చేసే ముసలమ్మ మాంగ్ వాడ మనిషి. గోండుల ఇళ్లలోనూ ఆమే చేసింది. ఇప్పుడు ఆస్పత్రి కాన్పులే చేయాలంటారు, ఆమెను పిలవడం తగ్గింది. అయినా వాగు నిండిన రాత్రి పిలుపు ఆమెకే వస్తుంది.

దీపావళి ముందర దండారి. గుస్సాడీల నెమలీకల టోపీలు టీవీల్లో, పత్రికల్లో అందరూ చూసే ఉంటారు. ఆ రోజుల్లోనే గుట్టల్లో సీతాఫలాలు పండుతాయి. పచ్చివి కోసి, ఆకుల మధ్య పేర్చి, బుట్టకింత అని దారి పక్కన వచ్చే బేరగాళ్లకు అమ్ముతారు. ఆ కాలంలో నాంపల్లి, మొజంజాహీ మార్కెట్ చుట్టూ బండ్ల మీద సీతాఫలాలు గుట్టలుగా కనిపిస్తాయి. ఏ పండు ఏ కొండదో కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికీ తెలియదు.

తర్వాత పత్తి తీత. కిలోకు ఇంత అని కూలి. డిసెంబరు, జనవరి చలిలో తెల్లారక ముందే చేన్లో ఉండాలి. ఆడవాళ్ల వేళ్ల చివర్లు పత్తి కాయల మొనలకు చీరుకుపోతాయి. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర దాకా ఈ పని సాగుతుంది.

ఎండాకాలమే అసలు అడవి కాలం. మార్చిలో ఇప్పపువ్వు. రాత్రి రాలిన పువ్వును పొద్దెక్కకముందే ఏరుకోవాలి, లేకపోతే పశువులు తినేస్తాయి, ఎండకు వాడిపోతుంది. చెట్టు కింద ముందురోజే ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేసి పెట్టుకుంటారు. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరికంతా తెలుసు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. తెల్లవారుజామున లేత ఆకు కోసి, మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో కల్లేదారుకు అప్పజెప్పాలి. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. ఇంటిల్లిపాదీ చేస్తేనే కట్టలు లెక్కకు వస్తాయి, అందుకే ఆ నెలల్లో పిల్లలు కూడా ఆకులు సర్దుతూ కనిపిస్తారు. మొర్రి పలుకులు, చింతపండు, బంక ఈ మధ్యలోనే. నీళ్లు మాత్రం ఉండవు. వాగు ఎండితే ఇసుకలో చెలిమ తోడుకుంటారు. గోండుల చెలిమ ఎగువన, మాంగుల చెలిమ దిగువన. ఇదీ గుర్తుపెట్టుకోండి.

మాంగుల పాత పని తాళ్లు, చీపుర్లు, బాజా. గోగునారతో పలుపులు, పగ్గాలు, ముకుతాళ్లు, ఉట్లు పేనేవారు. ఈతాకుతో చీపుర్లు, చాపలు. పెళ్లికి, చావుకు, పండక్కి బాజా వాయించడం. వీటికి కూలి డబ్బు రూపంలో ఉండేది కాదు. కల్లం మీద ఇంటికి ఇన్ని జొన్నలని కొలిచి ఇచ్చేవారు. తాడు పని పోయి ఇరవై ముప్పై ఏళ్లయింది. నైలాన్ తాడు వచ్చింది. అబిడ్స్ నుంచి నడిచిపోగలిగిన బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల్లో కట్టలు కట్టలుగా పేర్చి ఉండే అలాంటి నీలం, పచ్చ తాళ్లే వాళ్ల సంతలోనూ వేలాడుతుంటాయి. "మా పలుపు రెండేండ్లకు తెగేది, ఇది తెగది. తెగకపోతే మాకేం పని?" అని ఒక పెద్దాయన నవ్వుతూనే అన్నాడు. బాజా మిగిలింది, కానీ పెళ్లిళ్లకు డీజే వస్తోంది. చావుకు మాత్రం ఇంకా వాళ్లనే పిలుస్తారు.

తాడు పని పోవడంతో ఆ కుటుంబాలు ఇంకా ఎక్కువగా అడవి నేల మీద, కూలి మీద ఆధారపడ్డాయి. కాబట్టి ఆ రెండు మూడెకరాల మాట వాళ్లకు చిన్న మాట కాదు.

ఒకే మాట కింద సావుకారు, తాళ్లు పేనేవాడు

అటవీ హక్కుల గుర్తింపు చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి నేలను సాగు చేసుకుంటున్నవాళ్లకు నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇవ్వాలంటుంది. అమ్ముకోవడానికి వీల్లేదు, వారసులకు వస్తుంది, భార్యాభర్తల ఇద్దరి పేరా ఇవ్వాలి. చట్టం హక్కుదారులను రెండు రకాలుగా చూస్తుంది. ఒకరు అటవీ నివాస షెడ్యూల్డు తెగలు. రెండోవారు ఇతర సంప్రదాయ అటవీ నివాసులు. షెడ్యూల్డు తెగలవాళ్లు 2005 నాటి సాగు చూపితే చాలు. రెండో రకం వాళ్లు అది చూపిస్తూనే, అప్పటికి మూడు తరాలుగా అడవిని ఆనుకొని నివాసం ఉన్నట్టు కూడా చూపాలి. తరం అంటే ఇరవై అయిదేళ్లని చట్టమే లెక్క కట్టింది. మూడు తరాలంటే డెబ్బై అయిదేళ్లు. వెనక్కి లెక్కేస్తే 1930 డిసెంబరు 13.

ఆ తేదీ ఎంత పాతదో నగరంలో ఉన్నవాళ్లకు అర్థం కావాలంటే ఇట్లా చూడొచ్చు. మొజంజాహీ మార్కెట్ కట్టింది 1935లో. నాంపల్లిలో ఇప్పుడు ఏటా జరిగే నుమాయిష్ మొదట పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది 1938లో. గుట్ట మీది మాంగ్ కుటుంబం ఈ రెండింటికంటే ముందు నుంచీ ఆ నేల మీద ఉన్నట్టు నిరూపించుకోవాలి. కుమురం భీం జోడెఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఆ పోరాటానికి పదేళ్ల ముందు నుంచే ఉన్నట్టు చూపాలి. అబిడ్స్ సందుల్లో మూడు తరాలుగా ఉంటున్న ఎన్ని కుటుంబాలు 1930 నాటి నివాస రుజువు తీసి చూపగలవో ఆలోచించండి.

ఈ షరతు ఎందుకు పెట్టారో మాకు తెలుసు, దాని వెనక న్యాయం ఉందనే అనుకుంటాం. ఆదిలాబాద్ గుట్టల చరిత్ర అంతా బయటినుంచి వచ్చినవాళ్లు ఆదివాసీల భూమి లాక్కున్న చరిత్ర. సావుకార్లు, సారా గుత్తేదార్లు, ఎగువ కులాల సాగుదార్లు వచ్చి అప్పుల కింద చేలు రాయించుకున్నారు. భూబదలాయింపు నిషేధ నిబంధన 1959లో వచ్చింది, 1963లో తెలంగాణకు వర్తించింది, 1970 సవరణతో కట్టుదిట్టమైంది. మనం 1/70 అని పిలిచేది దాన్నే. దాన్ని సడలించమని అడిగే దళిత సంఘం ఏదైనా ఉంటే మేము దాని పక్కన నిలబడం.

మా అభ్యంతరం వేరే చోట ఉంది. "గిరిజనేతరులు" అన్న ఒక్క మాట కింద వడ్డీకి అప్పిచ్చిన సావుకారూ, అతని దగ్గర జీతానికున్న మాంగూ ఒకే గాటన పడ్డారు. ఆ మాటలో కులం లేదు. భూమి లాక్కున్నవాడికీ, ఎవరి భూమీ లాక్కునే స్థితి ఎన్నడూ లేనివాడికీ మధ్య తేడా అందులో కనపడదు. సావుకారుకు డెబ్బై అయిదేళ్ల షరతుతో పెద్ద నష్టం లేదు, అతనికి కింద పట్టణంలో ఇల్లుంది, దుకాణముంది. పైగా కాగితం అతని ఇంట్లో పుట్టేదే. కాగితం లేనిది తాళ్లు పేనినవాడికి.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో అప్పటి ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. రాష్ట్రమంతటా లక్షన్నర మందికి పైగా గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా అని ప్రకటించారు. మా ఊళ్లోనూ గోండు, కొలాము ఇళ్లలో కొన్నిటికి కాగితం అందింది. ఆలస్యంగానైనా అందింది, సంతోషం. మాంగ్ వాడలో ఎవరికీ రాలేదు. ఒకే వాగు గట్టున, ఒకే ఏడాది చెట్లు కొట్టి చదును చేసుకున్న రెండు చేన్లలో ఒకదానికి పట్టా, రెండోదానికి "75 ఏళ్ల ఆధారం లేదు" అన్న నోటిమాట.

1930 నాటి కాగితం ఎక్కడుంటుంది

తెలంగాణలో భూమి గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఖాస్రా పహాణీ దగ్గరికి వస్తారు. ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉంది, ఎవరి కబ్జాలో ఉందని ఊరూరా రాసిన పునాది రికార్డు అది. అది 1954-55 నాటిది. అంటే చట్టం అడిగిన తేదీకి ఇరవై నాలుగేళ్ల ఇవతలే ఆగిపోతుంది. పైగా అందులో ఉండేది రెవెన్యూ భూమి. రిజర్వు అడవిలో పోడు కొట్టుకున్నవాడి పేరు దాంట్లోకి రాదు. పట్టాదారు కింద జీతానికున్నవాడి పేరు అసలే రాదు.

అంతకు ముందువి నిజాం కాలపు కాగితాలు. చాలా మటుకు ఉర్దూలో ఉంటాయి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో కొన్ని వారాలు కూర్చున్నాం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అడవులను రిజర్వు చేస్తూ గూడేలను ఖాళీ చేయించిన తీరు, గుత్తలు, పన్నులు, ఇవన్నీ దొరుకుతాయి. గ్రామం పేరు దొరుకుతుంది. పటేలు, పట్వారీ పేరు దొరుకుతుంది. వాగు దిగువన ఉన్న పాతిక ఇళ్ల పేర్లు దొరకవు. వాళ్లను లెక్కపెట్టాల్సిన అవసరం ఆ రాజ్యానికి వెట్టి చేయించుకోవడానికి తప్ప రాలేదు, వెట్టికి రశీదు ఇవ్వరు.

ఇక పుస్తకాలు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో మేము ఎప్పుడూ వెతికేది హైమన్‌డార్ఫ్ పుస్తకాలు. దొరికింది తక్కువ, చివరికి గ్రంథాలయాల్లోనే చదివాం. జోడెఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించి ఆదిలాబాద్ గోండుల మీద అధ్యయనం చేయించిన మానవశాస్త్రవేత్త ఆయన. జైనూర్ దగ్గరి మార్లవాయిలో ఉండి పనిచేశాడు. ఆయన 'ట్రైబల్ హైదరాబాద్' నివేదికలను 1945లో నిజాం రెవెన్యూ శాఖే అచ్చువేసింది. 'రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వచ్చింది. ఆదివాసీల భూమి కోసం ఆయన చేసినదాన్ని తక్కువ చేయలేం. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది. కానీ ఆ పేజీల్లో మా వాడ మనుషులు ఎక్కువగా అంచున కనిపిస్తారు. పెళ్లి వర్ణనలో బాజా మోగుతుంది, వాయించేవాడి ఇల్లు ఎక్కడో చెప్పరు. పరిశోధకులుగా ఈ మాట మా మీద కూడా మేమే చెప్పుకోవాలి. మొదటి ఏడాది మా నోటుబుక్కుల్లోనూ వాడ అంతే ఉంది.

కాగితం కాని రుజువులు

చట్టం ఇంత కఠినంగా ఉన్నా, దాని నియమాలు వేరే తీరుగా ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు. 2008 నియమాల్లో 13వ నియమం ఏవేవి రుజువులవుతాయో చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, గెజిటీర్లు, పరిశోధనలు, ఓటరు కార్డు, రేషన్ కార్డు ఉన్నాయి. వాటి పక్కనే ఇళ్లు, గుడిసెలు, నేల చదును, గట్లు, చిన్న కట్టలు ఉన్నాయి. బావులు, శ్మశానాలు, పూజాస్థలాలు ఉన్నాయి. పాత రికార్డులో ఉన్న మనిషి దాకా, లేదా ఆ ఊరివాడేనని అందరూ ఒప్పుకున్న పూర్వీకుడి దాకా వెళ్లే వంశవృక్షం ఉంది. దరఖాస్తుదారు కాని పెద్దమనిషి చెప్పిన సాక్ష్యాన్ని రాసుకున్న కాగితం ఉంది. వీటిలో ఒకటికంటే ఎక్కువ ఉంటే పరిశీలించాలి. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. ఫలానా కాగితమే తెమ్మని సబ్ డివిజన్, జిల్లా కమిటీలు పట్టుబట్టకూడదు. జరిమానా రశీదులు, ఆక్రమణదారుల జాబితాలు లేవన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు. ఉపగ్రహ చిత్రం మిగతా రుజువులకు తోడుగా ఉండొచ్చు, వాటి స్థానంలోకి రాకూడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. డెబ్బై అయిదేళ్లు అన్నది నివాసానికి. ఇప్పుడు దున్నుతున్న అదే చెక్కను 1930 నుంచీ దున్నుతున్నట్టు చూపాల్సిన పని లేదు. సాగుకు 2005 తేదీ, నివాసానికి 1930 తేదీ. ఈ రెంటినీ కలిపేసి చెప్పడం మండలాల్లో మామూలైపోయింది.

ఇప్పుడు ఆ చెలిమ దగ్గరికి వద్దాం. ఊరి చెలిమ నుంచి నీళ్లు తోడనివ్వకపోవడం వల్ల మాంగులు దిగువన వేరే చెలిమ పెట్టుకున్నారు, దాని పక్కన రాళ్లు పేర్చిన పాత దిగుడు గుంట ఉంది. ఊరి శ్మశానంలో చోటివ్వకపోవడం వల్ల వాళ్ల బొందలగడ్డ వేరుగా ఉంది. అక్కడ వరసగా రాళ్లు పాతి ఉన్నాయి, ఏ రాయి ఎవరిదో ముసలివాళ్లు నాలుగు తరాల దాకా చెబుతారు. అంటరానితనం వేరు చేసి పెట్టిన చోట్లే ఈరోజు ఆ కుటుంబాలకు భౌతిక రుజువులుగా నిలబడుతున్నాయి. వాడ ఊరిలో కలిసిపోయి ఉంటే ఈ గుర్తులు ఉండేవి కావు. ఇది రాస్తూ మాకేమీ గర్వంగా లేదు.

ఇప్పచెట్లు కూడా అంతే. ఏ చెట్టు కింద ఏ ఇల్లు ఏరుకుంటుందో తాతల నుంచి వస్తున్న లెక్క. వాడ ఆడవాళ్లతో కలిసి ఆ చెట్లను గుర్తించి చేతిగీత పటం వేశాం. పదిహేడు చెట్లు మాంగ్ ఇళ్లవని గోండు ఆడవాళ్లు కూడా ఒప్పుకున్నారు. రెండు చెట్ల దగ్గర మాత్రం గొడవ పడ్డారు, అదీ రాసుకున్నాం.

అన్నిటికంటే గట్టి రుజువు పెద్దల సాక్ష్యం. సాక్ష్యం చెప్పేవాడు దరఖాస్తుదారు కాకూడదు. వాడలో దాదాపు అందరూ దరఖాస్తుదార్లే. కాబట్టి మాంగ్ కుటుంబం గురించి చెప్పాల్సింది గోండు పెద్ద. తన తాత పెళ్లికి బాజా వాయించినవాడి పేరు, తన తండ్రి కల్లం మీద జొన్నలు కొలిచి ఇచ్చిన ఇంటి పేరు, తన కాన్పు చేసిన మంత్రసాని పేరు ఆయనకు తెలుసు. ఆయన నోరు తెరిస్తే మూడు తరాలు వరసగా వస్తాయి.

తెరుస్తాడా అన్నది వేరే ప్రశ్న. అటవీ హక్కుల కమిటీలో పది నుంచి పదిహేను మంది ఉంటారు. మూడింట రెండు వంతులకు తగ్గకుండా షెడ్యూల్డు తెగలవాళ్లు, మూడింట ఒక వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలి. గ్రామసభకు సగం మంది హాజరు కావాలి. అంటే దళితుల దరఖాస్తు ముందుకు కదలాలంటే ఆదివాసీల మాట కావాలి. మేము ఉన్న ఒక గ్రామసభలో ఒక యువకుడు లేచి, "వీళ్లకు ఇస్తే రేపు సావుకార్లు కూడా వస్తరు" అన్నాడు. అతని భయం కల్పన కాదు. సావుకారు ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం మీద చెయ్యేసుకొనే లోపలికి వచ్చాడు. పక్కన కూర్చున్న ముసలి పటేలు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గోండిలో ఏదో చెప్పాడు. మాకు మా మాంగ్ స్నేహితుడే తెలుగులో చెప్పాడు: "మా అవ్వ చచ్చిననాడు ఎవడు బాజా కొట్టిండో ఆయనకు యాదికుందంట." ఆ రోజే ఆయన వాంగ్మూలం రాసుకున్నారు, వేలిముద్ర వేశాడు. అదే పటేలు ఇంటి గడప లోపలికి మా స్నేహితుడు ఇప్పటికీ వెళ్లడు. రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

తిరస్కరించామంటే కాగితం ఇవ్వాలి

దరఖాస్తు గ్రామసభ నుంచి సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కణ్నుంచి జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. ఎక్కడ కాదన్నా కారణం రాసి దరఖాస్తుదారుకు అందజేయాలి. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే అరవై రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, ఆ కమిటీ నిర్ణయం మీద అరవై రోజుల్లో జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని చట్టంలోని 4వ సెక్షనే చెబుతుంది.

ఈ తిరస్కరణ కాగితం ఎందుకంత ముఖ్యమో 2019లో దేశమంతా చూసింది. ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించాలని రాష్ట్రాలకు చెప్పింది. నిరసనలు వచ్చాక, కేంద్రం కోరాక, ఫిబ్రవరి 28న ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. అసలు తిరస్కరణలు సరైన పద్ధతిలో జరిగాయా అన్న ప్రశ్న అప్పుడే పైకి వచ్చింది. మా ఊళ్లో "తిరస్కరించారు" అన్నమాట అందరూ విన్నారు, కాగితం చూసినవాళ్లు లేరు. కాగితం చేతికి రాకపోతే అప్పీలు దేని మీద చేయాలి?

నాంపల్లికి వచ్చిన మా స్నేహితుడి సంగతికి వస్తే, ఆయన కవర్లోని ఉర్దూ కాగితం నాంపల్లి కోర్టుల దగ్గర దస్తావేజులు రాసే ఒక పెద్దాయన చదివిపెట్టాడు. డబ్బు తీసుకోలేదు. అది భూమి కాగితం కాదు. ఎడ్లు అమ్మిన రశీదు. అమ్మినవాడు ఆయన తాత తండ్రి కాదు, కొన్నవాడూ కాదు, సాక్షి. ఊరి పేరు ఉంది, పక్కన కులం పేరు ఉంది, వేలిముద్ర ఉంది. ఫసలీ సంవత్సరాన్ని లెక్క కట్టి చూస్తే 1930లలో ఎక్కడో తేలుతోంది, అంటే చట్టం అడిగినదానికి కొంచెం ఇవతల. అయినా వంశవృక్షం మొదలుపెట్టడానికి రికార్డులో ఒక పేరు దొరికింది. పటేలు వాంగ్మూలంలో చెప్పిన పేరూ అదే.

ఆ సాయంత్రం అబిడ్స్‌లో ఒక జిరాక్సు దుకాణంలో అన్నీ మూడు సెట్లు తీయించాం. సమాచార హక్కు చట్టం కింద ఒక పేజీ దరఖాస్తు రాశాం. అడిగింది రెండే: తన దరఖాస్తు మీద సబ్ డివిజన్ కమిటీ తీసుకున్న నిర్ణయం కాపీ, ఆ సమావేశపు మినిట్స్. రేషన్ కార్డు కాపీ జతచేశాం, పేద కుటుంబాలకు ఫీజు లేదు. అబిడ్స్ జీపీవోలో రిజిస్టర్డ్ పోస్టు చేసి, రశీదును ఆయన అదే ప్లాస్టిక్ కవర్లో, ఎడ్ల రశీదు పక్కన పెట్టుకున్నాడు. రాత్రికి మా గదిలో పడుకొని పొద్దున బండి ఎక్కాడు. పత్తి తీత నడుస్తోంది, ఇంకో రోజు ఆగితే కూలి పోతుందన్నాడు.

జవాబుకు గడువు ముప్పై రోజులు. ఇది రాస్తున్నది ఇరవై రెండో రోజున.